తీగ లేని ఫోను, రాని నల్ల

గదికో కుటుంబం అద్దెకుండే మా చాల్‌లో కమిటీ ప్రెసిడెంటు ఇంటికి ఫోను వచ్చినప్పుడు ఎవరికీ కడుపు మండలేదు. ఫోను కోసం జనం ఏళ్ల తరబడి ఎదురుచూసే కాలం అది. ఎవరి కాళ్లు పట్టుకున్నాడో, ఎవరి చుట్టూ తిరిగాడో, మొత్తానికి తెచ్చుకున్నాడు, మంచిదే అనుకున్నాం. కొన్నాళ్లకు ఇటుకంత యంత్రం ఒకటి చేతపట్టుకుని, దానికున్న స్టీలు పుల్ల బయటికి లాగి, గదుల ముందున్న గ్యాలరీలోకి వచ్చి మాట్లాడటం మొదలుపెట్టాడు. అప్పుడు మండింది. తీగ ఉన్న ఫోనువాడు ఇంట్లో కూర్చుని మాట్లాడతాడు. తీగ లేనివాడు ఊరేగుతూ మాట్లాడతాడు.

అది ఫారిన్ మాల్ అట. అసలు డబ్బా రెండో అంతస్తులో ఆయన ఖోలీలోనే, అంటే ఆయన గదిలోనే ఉంటుందట, చేతిలోది దానితో గాలిలో మాట్లాడుతుందట. ఈ సంగతి అడిగినవాళ్లకీ చెప్పాడు, అడగనివాళ్లకీ చెప్పాడు. గ్యాలరీలో ఆరేసిన చీరల మధ్య ఆ పుల్ల గుచ్చుకుంటూ నడిచేవాడు. చీర చిరిగితే తప్పు చీరదే.

ఫోనుతో పాటు ఆయన తెలుగు కూడా మారింది. కామాఠిపురాలో పుట్టి, మాలాగే సగం మరాఠీ, సగం హిందీ కలిపి తెలుగు మాట్లాడినవాడు, దాదర్‌లోని తెలుగు కేంద్రానికి పోవడం మొదలుపెట్టాక 'అండి' లేకుండా నోరు తెరవడం మానేశాడు. అక్కడికి వచ్చే కోస్తా పెద్దమనుషుల ముందు తన మాట చిన్నదైపోతుందని భయం. మేమంతా నల్ల అనే దాన్ని ఆయన కుళాయి అనేవాడు. 'కుళాయి వద్ద పరిశుభ్రత పాటించండి' అని గోడమీద రంగుతో రాయించాడు. అది నేను చదివి వినిపిస్తే ఎదురు ఖోలీ అక్క బుగ్గన వేలు పెట్టుకుంది. "కుళాయంటే నెత్తిన పెట్టుకునే టోపీ గదనే? టోపీ కాడ సాఫ్ ఉంచుమంటడేంది?"

ఆ నల్ల ఉన్నది మా గుమ్మం ముందే. కింది అంతస్తులో మూల ఖోలీ మాది. ఒక గోడ ఫోరస్ రోడ్ వైపు సందులోకి ఉంటుంది, దాన్ని పగలగొడితే దుకాణం అవుతుంది. ఈ సంగతి మాకు తెలియదు, తెలియవలసినవాళ్లకు తెలుసు. నాన్న పోయి అప్పటికి ఏడాది దాటింది. అద్దె రసీదు ఇంకా ఆయన పేరుమీదే వస్తోంది. దాన్ని అమ్మ పేరుమీదికి మార్పించాలి. మార్పించకపోతే, మనిషి చచ్చాడు, ఖోలీ ఖాళీ అని యజమాని ఏ రోజైనా అనవచ్చు. ప్రెసిడెంటు అమ్మకు మాట ఇచ్చాడు. "నేనున్న గద వదినా, టెన్షన్ నకో," అన్నాడు, దాదర్ తెలుగు రాకముందు. నాన్న పాడె మోసిన నలుగురిలో ఆయనొకడు. నాన్నను అన్నా అనేవాడు కాబట్టి అమ్మకు మరిది అయ్యాడు, నాకు కాక అయ్యాడు. అమ్మకు ఆ మాట చాలు. ఇక రసీదు గురించి అడగడం కూడా ఆయనను అవమానించడమే అనుకునేది.

నేను నాగ్‌పాడాలో సంచులకు జిప్పులు కుట్టే కార్ఖానాలో పనిచేసేదాన్ని. ఒక సెలవు రోజు మధ్యాహ్నం నాన్న రేడియో ముందు కూర్చుని పాటల కోసం ముల్లు తిప్పుతున్నాను. మీడియం వేవ్‌లో కుడివైపు చివరికి, స్టేషన్లన్నీ అయిపోయిన చోటికి పోయింది ముల్లు. గరగర మధ్యలోంచి ఒక గొంతు వచ్చింది. "హలో అండి, చెప్పండి అండి." కాసేపు ఏదో నాటకం అనుకున్నాను. తర్వాత పైన గ్యాలరీలో చెప్పుల చప్పుడుతో పాటు అదే మాట అదే గొంతులో వినిపించింది. అవతలివాడి మాట కూడా రేడియోలో శుభ్రంగా వస్తోంది. గాలిలో మాట్లాడేది ఎవరి గాలిలోనైనా వినిపిస్తుందని ఆ యంత్రం అమ్మినవాడు చెప్పలేదో, కొన్నవాడు అడగలేదో.

నేను ఎదురు ఖోలీ అక్క ఒక్కదానికే చెప్పాను. సాయంత్రానికి చాల్‌లో రేడియో ఉన్న ప్రతి ఇంట్లో ముల్లు కుడి చివరికి చేరింది. పాటలు వినేవాళ్లే లేకుండా పోయారు. ఆయన ఫోను పట్టుకుని ఏ గుమ్మం ముందు నుంచి నడిస్తే ఆ ఇంట్లో రేడియో కూ అని ఈల వేసేది, ఆయన చేతిలోదీ వేసేది. ఆగి, యంత్రాన్ని అరచేతితో రెండు దెబ్బలు కొట్టి, ముందుకు పోయేవాడు. ప్రతి గుమ్మం దగ్గరా అదే ఈల, అవే దెబ్బలు. అనుమానం మాత్రం రాలేదు. తనను గురించి తప్ప ఇంకో సంగతి ఆలోచించే అలవాటు ఉంటే వచ్చేదేమో.

అమ్మ ఒక్కతే వినలేదు. నేను రేడియో పెడితే చెయ్యి చాపి ఆపేసేది. "ఇంకోళ్ల మాటలు ఇనుడు, ఇంకోళ్ల ఇంట్ల తొంగిచూసుడు ఒకటే. మీ నాయన రేడియో మీద గీ పని చెయ్యకు," అంది. కాబట్టి అమ్మ కూరగాయలకు పోయినప్పుడు వినేదాన్ని. అలాగే ఒకరోజు మా ఖోలీ సంగతి నా చెవిన పడింది.

అవతల మాట్లాడుతున్నది యజమాని ఏజెంటు. అతనూ తెలుగువాడే, కోస్తావాడు, ఆ దాదర్ పరిచయమే. "ఆ మూల గది సంగతి ఏం చేశారండీ?" అన్నాడు.

"అయిపోయినట్టే అండి," అన్నాడు మా కాక. "మా అన్న పోయాడు కదండి. ముసలావిడ ఊరికి వెళ్లిపోతుంది. పిల్ల పెళ్లయితే దాని దారి దానిది. తాళం వేసి ఉన్న రోజు చూసి చెప్తాను, మీరు మనుషులను తెచ్చి రాసుకోండి. ఖాళీగా ఉంటోందని నేను సాక్ష్యం చెప్తాను అండి."

రేడియో ముల్లును విసురుగా తిప్పేశాను. భయంతో కాదు, కోపంతో. ముసలావిడ అట! మా అమ్మ రోజూ పొద్దున ఆ ఖోలీ గుమ్మం కడిగి, ఆ నల్ల దగ్గర గిన్నెలు తోమి, ఈయన పెళ్లాం పురిటికి పోతే నెలరోజులు ఈయనకు రొట్టెలు చేసి పెట్టింది. పాలమూరు దగ్గర మాకు ఊరు ఉందన్న మాటే గాని, అక్కడ మా పేరు చెబితే గుర్తుపట్టేవాళ్లు లేరు. ఎక్కడికి పోతుంది?

అమ్మ రాగానే చెప్పాను. కొత్తిమీర కట్ట విప్పుతూ విన్నది. "రేడియోల మస్తు చెప్తరు," అంది.

"గది మీ మరిది గొంతే అమ్మా!"

"పాడె మోసినోడు గట్ల అనడు. నీకు చెవులు సక్కగ లేవు." అంతే. ఇంకేం చెప్పినా ఆ ముఖంలోకి పోలేదు. పోయి ఆయననే అడుగుదామంటే, రేడియోలో విన్నానని చెప్పాలి. చెప్పిన మరుక్షణం ఆయన ఆ ఫోనులో మాట్లాడటం మానేస్తాడు. ఆ తర్వాత ఏ రోజు తాళం చూస్తున్నాడో నాకు తెలిసే దారి ఉండదు. అందుకని నోరు మూసుకుని చెవులు తెరిచి పెట్టుకున్నాను.

ఈలోగా ఆయనకు అనుమానం రానే వచ్చింది. తానే కనిపెట్టాడనుకుంటే పొరపాటు. ఆయన బామ్మర్ది ఎవరితోనో గొడవ పడ్డ సంగతి ఫోనులో చెప్పిన గంటకే పాలవాడు దాని గురించి ఓదార్చాడట. దాంతో దాదర్ నుంచి ఒక నిపుణుణ్ణి తెచ్చాడు. ఎప్పుడో సైన్యంలో వైర్‌లెస్ పని చేశాడట, అందరూ వైర్‌లెస్ సార్ అనేవారు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, ముక్కుకు అడ్డంగా రుమాలు. మా మెట్ల మీద వాసన ఆయనకు పడలేదు. మా తెలుగు అంతకన్నా పడలేదు. ఎదురు ఖోలీ అక్క "ఎవల్ కావాలె సార్?" అంటే, పక్కనున్న ప్రెసిడెంటు వైపు తిరిగి, "వీళ్లు మాట్లాడేది ఏ భాషండీ?" అన్నాడు. కాక నవ్వాడు. తనది కూడా అదే భాష అన్న సంగతి ఆ నవ్వులో ఎక్కడా లేదు.

చొరబడినవాణ్ణి పట్టుకోవడానికి వైర్‌లెస్ సార్ ఒక ఉపాయం చెప్పాడు. ఈ సంగతులన్నీ తర్వాత ప్రెసిడెంటు పెళ్లామే నల్ల దగ్గర మాకు చెప్పింది, నీళ్ల లైన్‌లో నిలబడితే ఎవరి కడుపులోనూ ఏదీ దాగదు. ఫోనులో ఒక అబద్ధం చెప్పాలి. ఆ అబద్ధం గురించి ఎవరు మాట్లాడితే వాడే దొంగ. ఉపాయం మంచిదే, కాదనను. కాక ఆ మధ్యాహ్నం ఫోనులో నిన్నటి నుంచి కడుపునొప్పి, ఏమీ తినలేకపోతున్నాను అండి అని మూలిగాడు. మరునాడు పొద్దున ఎదురు ఖోలీ అక్క వాము నీళ్లు పట్టుకుపోయింది. మూడో అంతస్తు అవ్వ మజ్జిగ పంపింది. గ్యాలరీలో నడిస్తే ప్రతి గుమ్మం నుంచి, "కడుపు ఎట్లుంది ప్రెసిడెంట్ సాబ్?" అని పలకరింపు. కాకకు కళ్లలో నీళ్లు తిరిగాయట. జనానికి తనంటే ఇంత ప్రేమ ఉందని ఇన్నాళ్లూ తెలుసుకోలేకపోయానని పెళ్లాంతో అన్నాడట.

వైర్‌లెస్ సార్ తల పట్టుకున్నాడు. "వాళ్లేనండీ దొంగలు!" అన్నాడు.

"అందరూనా? ఛ ఛ. వాళ్లకు నేనంటే గౌరవం అండి," అన్నాడు కాక.

మనిషిని పొగిడితే పడిపోవడం చూశాను గాని, తానే వేసిన వలలో తానే పడి, అది పూలదండ అనుకున్నవాణ్ణి ఈయననే చూశాను. ఇక ఈ నిపుణుడి సంగతి. చాల్ అంతా మెషీను ఎక్కడుందో చూస్తానని తిరిగాడు. ఏ ఖోలీలోనైనా పెద్ద పెట్టె, ఫారిన్ యంత్రం కనబడుతుందేమోనని తలుపుల్లోంచి తొంగి చూశాడు. ప్రతి గూట్లోనూ దేవుడి పటం పక్కన రేడియో ఉంది. దాని వైపు కన్నెత్తి కూడా చూడలేదు. మాలాంటివాళ్ల ఇళ్లలో ఉండే వస్తువు ఏం వింటుంది! ఫోను ఈల వేస్తోందంటే అది వాతావరణం వల్ల అన్నాడు.

దొంగ దొరకలేదు కాబట్టి రహస్య భాష పెట్టుకున్నారు. ఆ తర్వాత ఫోనులో మాటలు పొట్టిగా అయిపోయాయి. "ఇవాళ ఎర్ర అండి." టక్కున ఆపేయడం. "ఇంకా తెల్లే అండి." ఆపేయడం. చాల్ అంతా తల గోక్కుంది. "చీరల దందా మొదలువెట్టిండేమో," అంది ఎదురు ఖోలీ అక్క. నాకు మాత్రం ఒళ్లు మండిపోయేది. మా ఖోలీ గురించి ఏదో నడుస్తోంది, దానికి రంగులు పూస్తున్నారు, నాకు అర్థం కావడం లేదు.

అవి ఎండాకాలం రోజులు. నల్ల పొద్దున కాసేపు వచ్చేది, అందులో సగం గాలి. రెండు హండాలు నిండితే పండగ. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం రేడియోలో కాక గొంతు, ఈసారి చాలా నెమ్మదిగా వినిపించింది. "రేపు పదకొండు గంటలకు నల్ల వస్తుంది అండి. ఎవరికీ తెలియకూడదు."

"ఖాయమేనా?" అన్నాడు ఏజెంటు.

"ఖాయం అండి. నల్ల, పదకొండు."

చాల్‌లో గుప్పుమంది. ప్రెసిడెంటు మున్సిపాలిటీ వాళ్లను పట్టుకుని, అందరూ పనులకు పోయాక పదకొండు గంటలకు తనకోసం నీళ్లు విడిపించుకుంటున్నాడు! ఎంత నీచం! వింటూ నేనూ అదే అనుకున్నాను. మా ఖోలీ సంగతి కోసం చెవులు రిక్కించిన దాన్ని, ఈయన నీళ్ల దొంగ కూడానా అని తిట్టుకుని రేడియో ఆపేశాను. మాకు నల్ల అంటే నీళ్లే. ఎండాకాలంలో ఆ మాటకు ఇంకో అర్థం వెతికేవాడు మా చాల్‌లో పుట్టలేదు.

ఆ సాయంత్రమే కాక మా గుమ్మం దగ్గరికి వచ్చాడు. అమ్మతో మాత్రం పాత భాషే. "వదినా, రేపు పొద్దున పది గంటలకు రాషన్ ఆఫీసుకు పోయి లైన్ల నిలబడు. కార్డు మీద అన్న పేరు తీపిచ్చి నీ పేరు ఎక్కించాలె. నేను పదకొండు దాటినంక వస్త. ఖోలీకి తాళం వేసి పో, పాప పనికి పోతది గద."

తాళం అన్న మాట వినగానే, ఏజెంటుతో ఆయన అన్న తాళం ఇదేనని తెలిసిపోయింది. ఆయన పోయాక అమ్మ కాళ్లు పట్టుకున్నాను. వద్దమ్మా, రేపు పోకు, ఖోలీకి తాళం వెయ్యకు అన్నాను. రేడియోలో విన్నదంతా మళ్లీ చెప్పాను. అరిచాను, ఏడ్చాను. అమ్మ కదల్లేదు. "నా కోసం పని ఇడిసిపెట్టుకొని వస్తనంటుండు. ఆయన మీద నింద వేస్తె పాపం తగుల్తది," అని కార్డు తీసి పైట కొంగులో కట్టుకుంది. ఆ ముడి చూసి నేను ఓడిపోయాను.

పొద్దున తొమ్మిదిన్నరకు అమ్మ చెప్పులు వేసుకుంటోంది. ఎదురు ఖోలీ అక్క పిల్లిలా వచ్చి చెవిలో చెప్పింది. "వదినా, ఎటు వోతున్నవ్? పదకొండుకు నల్ల వస్తది. ఎవలకు చెప్పకు."

అమ్మ చెప్పులు విప్పేసింది. ఒక్క క్షణం ఆలోచించలేదు. "రాషన్ ఆఫీసు రేపు భీ ఉంటది," అంది. కొంగు ముడి విప్పి కార్డు గూట్లో పెట్టి, మంచం కింది నుంచి హండాలు లాగింది. నా కన్నీళ్లను నమ్మని మనిషి నల్ల అనగానే నమ్మింది. నవ్వాలో ఏడవాలో తెలియక నేనూ కార్ఖానా మానేసి బకెట్లు తీశాను.

పదకొండు కాకముందే నల్ల దగ్గర చాల్ అంతా ఉంది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు, అందరూ ఊరికే వచ్చినవాళ్లే. ఒకామె హండా తోముకుందామని వచ్చిందట, ఒకాయన గాలి కోసం బకెట్టు పట్టుకుని దిగాడట. గుమ్మం పక్కనే కాబట్టి అమ్మది మొదటి నంబరు. మా తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది.

అప్పుడు వచ్చింది నల్ల. ముందు ఏజెంటు, వెనుక సంచీ పట్టుకున్న వకీలు గుమస్తా, ఆ వెనుక తాళం బద్దలు కొట్టడానికి సుత్తి పట్టుకున్న మనిషి. ఏజెంటు పక్కనే దారి చూపిస్తూ సఫారీ సూటులో మా కాక, చేతిలో ఆ ఇటుక. మెట్ల పక్క నుంచి మలుపు తిరిగి మమ్మల్ని చూసి ఆగిపోయాడు.

గుమస్తా కాగితం చూసి, ఈ మూల ఖోలీ ఎవరిదని హిందీలో అడిగాడు. "యే కోనేవాలీ ఖోలీ కిస్‌కీ హై?"

"మేరీచ్ హై," అంది అమ్మ, హండా నల్ల కింద నుంచి తీయకుండా. "క్యోం?"

"ఇక్కడ ఎవరూ ఉండటం లేదని చెప్పారే?" అన్నాడు ఏజెంటు కాక వైపు తిరిగి. వెనుక లైన్ మొత్తం గొంతు కలిపింది. ఆమె ఇక్కడే ఉంటుంది, ఎన్నేళ్లనుంచో ఉంటుంది, పప్పు మాడుతోంది చూడండి అని తలా ఒకటి అన్నారు. గుమస్తాకు కాగితం మీద రాయడానికి ఏమీ మిగల్లేదు. సుత్తి మనిషి సుత్తిని వెనక్కి దాచుకున్నాడు.

కాకకు దాదర్ తెలుగు ఎగిరిపోయింది. "మీరంత ఈడ ఏం చేస్తుండ్రు?" అని అరిచాడు.

"నల్ల వస్తదని," అంది మూడో అంతస్తు అవ్వ.

"ఎవడు చెప్పిండు?"

రేడియో పేరెత్తే ధైర్యం ఎవరికుంది? అమ్మే తలెత్తింది, ఆమెకు దాచుకోవలసింది ఏమీ లేదు. "నువ్వే చెప్పినవంట గద మరిదీ. ఏది, నీళ్లు రాకపాయె?"

అసలు సంగతి కూడా తర్వాత ఆయన పెళ్లామే చెప్పింది. ఎర్ర అంటే మాట్లాడొద్దని, తెల్ల అంటే ఇంకా కుదరలేదని, నల్ల అంటే ఏజెంటు మనుషులు వస్తున్నారని వైర్‌లెస్ సార్ పెట్టిన గుర్తులట. రెండక్షరాల మాటలైతే గాలిలో స్పష్టంగా పలుకుతాయట. ఆయన ఊళ్లో నల్ల అంటే నలుపే, నీళ్లు వచ్చేదాన్ని కుళాయి అంటారు. ఏజెంటుదీ అదే ఊరి భాష. ఒక్క కాక చెప్పగలిగేవాడు, సార్, మా దగ్గర ఈ మాట అంటే జనం బకెట్లు పట్టుకొస్తారని. చెప్పాలంటే మా ఇంట్లో కుళాయిని నల్ల అంటామని ఒప్పుకోవాలి. ఆ సిగ్గు పుణ్యాన మా ఖోలీ నిలబడింది. అంత పెద్దవాళ్లు ముగ్గురు కలిసి అల్లిన రహస్యానికి నేను ఇప్పటికీ ఇచ్చే విలువ ఇదే.

నీళ్లు ఆ రోజు రాలేదు. లైన్ తిట్టుకుంటూ చెదిరిపోయింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక అమ్మ చేతులు కడుక్కుని వచ్చి రేడియో ముందు కూర్చుంది. "ఆ ముల్లు ఏడ వెట్టాలె?" అంది. చూపించాను. ఆ మనిషికి అప్పటికీ బుద్ధి రాలేదు, ఫోను గాలిలోనే ఉంది. రహస్య భాష కూడా మరిచిపోయాడు.

"ముసల్ది లేవలేదండి. ఏం చెయ్యమంటారు, నల్ల కాడ కుక్కలెక్క కూసున్నది. కొంచెం ఆగుదాం అండి, ఎన్నాళ్లుంటది."

అమ్మ చివరిదాకా విన్నది. గరగర తప్ప ఏమీ లేకుండా పోయాక తానే ఆపి, రేడియో మీద గుడ్డ కప్పింది. నాకు ఆ క్షణంలో గెలిచానన్న సంతోషం రాలేదు, ఆయన గొంతు పిసకాలనిపించింది.

మరునాడే అమ్మ, ఎదురు ఖోలీ అక్క, లైన్‌లోని ఆడవాళ్లందరూ కలిసి యజమాని ఇంటికే నేరుగా పోయారు. అద్దె రసీదు అమ్మ పేరుమీదికి మారేదాకా వారం వారం పోయి ఆ మెట్ల మీద కూర్చున్నారు, మారింది. అమ్మ చనిపోయేదాకా ఆ ఖోలీలోనే ఉంది. కాక ప్రెసిడెంటుగానే ఉన్నాడు, అలాంటివాళ్లకు కుర్చీ ఎక్కడికీ పోదు. తన ఫోనులో ఎవరు చొరబడ్డారో ఆయనకు ఎప్పటికీ తెలియలేదు.

కానీ వాళ్లు మొదటిసారి యజమాని ఇంటికి బయలుదేరకముందే, ఆ పొద్దున ఒకటి జరిగింది. నల్ల నిజంగానే వచ్చింది. అమ్మ హండా పెట్టింది. ఆయన పళ్లపుల్లతో మెట్లు దిగి వచ్చి, ఏమీ జరగనట్టు, "ఏం వదినా, నీళ్లు మంచిగొస్తున్నయా?" అన్నాడు.

అమ్మ హండా ఎత్తుకుని నడుముకు ఆనించుకుంది. జీవితంలో మొదటిసారి, ఆయన దాదర్ నుంచి తెచ్చుకున్న తెలుగులోనే, ఒక్కో అక్షరం విడదీసి జవాబిచ్చింది.

"వస్తున్నాయండి, ప్రెసిడెంటు గారండి."

ఆ తర్వాత ఆమె ఆయనను మరిదీ అని పిలవడం నేను వినలేదు.